ఊరి పుట్టుకను రాళ్లలో వెదకడం: నెల్లూరు, ప్రకాశం పల్లెల తొలి చరిత్ర రాసుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలలో పాత ఊళ్లకు రాతి సాక్ష్యం కొదవ కాదు. గుడి మండపం స్తంభం మీదనో, చెరువు తూము పక్కనో, చావడికి మెట్టుగానో, బోరింగు దగ్గర బట్టలుతికే బండగానో అక్షరాలున్న రాయి చాలా పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రాయిని చదివి ఊరికి వయసు కట్టాలన్న కోరిక సహజమే గాని, రాయి ఒక్కటే ఊరి చరిత్ర కాదు. రాయి చెప్పినదీ, సర్కారు కాగితం చెప్పినదీ, పొలం చెప్పినదీ, పెద్దలు చెప్పినదీ పక్కపక్కన పెట్టి చూసి, అవి ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ విడిపోతున్నాయో నిజాయితీగా రాసుకున్నప్పుడే అది చరిత్ర అవుతుంది. తమ ఊరి తొలినాళ్లను తెలుసుకొని, ఊరి మొగదలలో నాలుగు మాటల ఫలకమైనా నిలపాలనుకొనే వారి కోసం ఆ పని ఎలా సాగాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఒక మాట మొదటే మనసులో పెట్టుకోవాలి. శాసనంలో ఊరి పేరు కనిపించిన సంవత్సరం ఆ ఊరు పుట్టిన సంవత్సరం కాదు. ఆ నాటికే ఊరు ఉందని మాత్రమే దాని అర్థం. దానం ఇవ్వడానికి పొలం, పండించడానికి రైతులు, దీపం పెట్టడానికి గుడి అప్పటికే ఉండబట్టే శాసనం వేశారు. అద్దంకి పద్య శాసనమే ఇందుకు మంచి ఉదాహరణ. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు బోయకొట్టాలు పన్నెండింటిని గెలిచి, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి, కందుకూరును బెజవాడ అంతటి పట్టణంగా చేశాడని 848 ప్రాంతానికి చెందిన ఆ తరువోజ పద్యం చెబుతుంది. కందుకూరు 848లో పుట్టిందని దీని నుంచి తేల్చకూడదు. అప్పటికే అది ఒక సేనాని పోల్చి చెప్పుకోదగిన స్థలమనీ, ఆ చుట్టుపట్ల బోయల కోటలు అంతకు ముందు నుంచే ఉన్నాయనీ మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. నా దృష్టిలో ఆ పద్యం ఇచ్చే విలువైన సమాచారం గెలిచిన వారి గొప్ప కంటే ఓడిన వారి ఉనికి.

ఊరి పాత చిరునామా

రాళ్ల దగ్గరికి వెళ్లే ముందు మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉండేదో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఇది చేయనందువల్లనే చాలామంది తమ ఊరి రికార్డులు లేవనుకొని వెనుదిరుగుతారు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970లో నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలను, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022 పునర్విభజనలో కందుకూరు నెల్లూరు జిల్లాకు, అద్దంకి, చీరాల బాపట్ల జిల్లాకు, గూడూరు ప్రాంతం తిరుపతి జిల్లాకు వెళ్లాయి. కాబట్టి అద్దంకి దగ్గరి ఒక పల్లె సమాచారం పందొమ్మిదో శతాబ్దానికి నెల్లూరు పుస్తకాలలోనూ, ఇరవయ్యో శతాబ్దం తొలి భాగానికి గుంటూరు పుస్తకాలలోనూ, ఆ తరువాత ప్రకాశం పుస్తకాలలోనూ వెదకవలసి వస్తుంది. కంభం వైపు ఊళ్లవారు కర్నూలు రికార్డులు చూడాలి.

ఇంతకంటే పాత చిరునామాలు కూడా ఉన్నాయి. శాసనాలలో మీ ఊరి పేరుకు ముందు ఒక నాడు, రాష్ట్రం, స్థలం, సీమ పేరు వస్తుంది. గుండ్లకమ్మ పరివాహకం కమ్మనాడు. పల్లవుల తామ్రశాసనాలలో కనిపించే ముండరాష్ట్రం నెల్లూరు వైపుది. పాకనాడు కూడా ఈ ప్రాంతానిదే. విజయనగర కాలానికి వచ్చేసరికి ఉదయగిరి రాజ్యం, పొదిలి సీమ, కొచ్చెర్లకోట సీమ వంటి మాటలు వస్తాయి. ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు ఉన్నప్పుడు శాసనం చెప్పేది ఏ ఊరి గురించో తేల్చేది ఈ నాడు, సీమ పేరే.

ముందు అచ్చయిన పాఠాన్ని వెదకండి

మీ ఊరి రాయిని మీకంటే ముందే ఎవరో చదివి ఉండే అవకాశం చాలా ఎక్కువ. నెల్లూరు జిల్లా ఈ విషయంలో అదృష్టవంతమైన జిల్లా. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో శాసనాలను తాలూకాల వారీగా, ఊళ్ల పేర్లతో అమర్చారు. సేకరణ నాటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు, దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు తాలూకాలు కూడా అందులో ఉన్నందువల్ల ప్రకాశం జిల్లావారికి సైతం అదే తొలి ఆధారం. దీని తరువాత దక్షిణ భారత శాసనాల సంపుటాలు, ముఖ్యంగా మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు శాసనాలను అచ్చువేసిన పదవ సంపుటం, ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రిక, ఏటేటా వెలువడిన శాసన శాఖ నివేదికలు చూడాలి. వీటిలో చాలా భాగం ఇప్పుడు డిజిటల్ గ్రంథాలయాలలో ఉచితంగా దొరుకుతున్నాయి. మీ ఊరి పేరును ఆంగ్లంలో నాలుగైదు రకాలుగా రాసి వెదకండి. పాత పుస్తకాలలో వర్ణక్రమం ఇప్పటిలా ఉండదు.

అచ్చులో పాఠం దొరికినా రాయి దగ్గరికి వెళ్లాలి. 1905లో గుడి ముందు ఉన్న రాయి ఇప్పుడు ఎక్కడ ఉంది, ఎంత పగిలింది, ఎన్ని పంక్తులు మిగిలాయి అన్నది కూడా ఊరి చరిత్రలో భాగమే. అచ్చు పాఠం ఉండి రాయి పోయిందంటే ఆ సంగతి అలాగే రాసి పెట్టాలి. రాయి ఉండి అచ్చు పాఠం లేదంటే మీ చేతిలోని పని మరింత విలువైనది.

రాయి ఎక్కడ ఉంటుంది

శివాలయం, చెన్నకేశవాలయం, ఊరి పాత మండపాలు అందరూ చూసే చోట్లు. గుడి పీఠపు వరుసలు, ద్వారబంధాలు, ధ్వజస్తంభం అడుగు, ప్రాకారంలో తలకిందులుగా పెట్టిన రాళ్లు కూడా చూడాలి. జీర్ణోద్ధరణ చేసినప్పుడు పాత శాసనపు రాళ్లను గోడలోకి ఎక్కించడం మామూలే. చాలా చోట్ల అక్షరాల మీద సున్నం పొరలు పేరుకొని ఉంటాయి.

చెరువు రెండో చోటు. ఈ సీమలో ఊరంటే చెరువే. మెట్ట ప్రాంతంలో చెరువు తవ్వితే గాని ఊరు నిలవలేదు. అందుకే చెరువు తవ్వించిన వారూ, తూము కట్టించిన వారూ, పూడిక తీయించిన వారూ తూము స్తంభం మీదనో కట్ట మీదనో శాసనం వేయించారు. ఉదయగిరికి పడమటి పొరుగున, కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువు ఎలాంటి చోట తవ్వాలో, దానికి ఏ గుణాలుండాలో, ఏ దోషాలుండకూడదో కూడా వివరిస్తుంది. తూము శాసనం దొరికితే ఊరి సాగు ఎప్పుడు విస్తరించిందో తెలుస్తుంది; ఊరి చరిత్రలో రాజు పేరు కంటే ఇది ముఖ్యమైన సంగతి అని నేను నమ్ముతాను.

ఇక అక్షరాలు లేని రాళ్లు ఉన్నాయి. కత్తి ఎత్తిన వీరుడి బొమ్మ ఉన్న వీరగల్లు, పేరంటాలు గుడిలోని శిల, ఊరి నడుమ బొడ్రాయి, పొలిమేరలో త్రిశూలమో శంఖచక్రాలో చెక్కిన హద్దురాయి, ఊరి బయట రాకాసి గుళ్లని పిలిచే పెద్ద బండల సమాధులు, ఇవన్నీ నమోదు చేయవలసినవే. శూలం చెక్కిన రాళ్లు శివాలయపు మాన్యాలకు, శంఖచక్రాలున్నవి విష్ణ్వాలయపు మాన్యాలకు హద్దులుగా నాటినవి. అవి ఇప్పుడున్న చోటును పటం మీద గుర్తిస్తే పాత దేవుని మాన్యం ఎంత మేరకు ఉండేదో కొంత తెలిసివస్తుంది. వీరగల్లుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. నెల్లూరు నేలిన మనుమసిద్ధికీ గొల్లల నాయకుడు కాటమరాజుకూ పుల్లరి (పశువుల మేత పన్ను) విషయంలో వచ్చిన తగవు, ఆ పోరులో ఖడ్గతిక్కన మరణం ఈ సీమలో ఎంతో ఇష్టంగా పాడుకొనే కథ. అందువల్ల కనిగిరి వైపు కనిపించిన ప్రతి వీరగల్లునూ ఆ యుద్ధానికే ముడిపెట్టడం అలవాటైపోయింది. పశువులను తోలుకుపోయే దొంగలతో పోరాడి చనిపోయిన సామాన్యుడికి కూడా వీరగల్లు నిలిపేవారు. రాయి మీద పేరు లేనప్పుడు మనం పేరు పెట్టకూడదు.

కొండలను మరచిపోవద్దు. కందుకూరుకు పడమట ఉన్న మాలకొండ గుహలో బ్రాహ్మీ లిపిలో ఒక సెట్టి చేసిన గుహదానపు శాసనం ఉంది. సముద్రపు ఒడ్డున చినగంజాంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి 27వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. భైరవకోనలో బండను తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి. తెలుగు అక్షరం రాతికెక్కడానికి ముందే ఈ నేలలో మనుషులు, వర్తకులు, తాపసులు తిరిగారనడానికి ఇవి సాక్ష్యాలు.

నకలు తీసుకోవడం

రాయిని కడగడానికి నీళ్లు, మెత్తని కొబ్బరిపీచు కుంచె చాలు. ఇనుప బ్రష్షు, ఆమ్లం, ఉలి మొన ఏవీ వాడకూడదు. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతోనో రంగుతోనో గీతలు దిద్దడం పెద్ద పొరపాటు. అలా దిద్దినప్పుడు మనకు కనిపించిందనుకున్న అక్షరమే అక్కడ నిలిచిపోతుంది, అసలు అక్షరం చదవవలసిన తరువాతి వారికి దారి మూసుకుపోతుంది. పూజలో ఉన్న రాయి అయితే పూజారిగారినీ ఊరి పెద్దలనూ అడిగి, వారి ఎదుటనే పని చేయాలి. పసుపు, నూనె పేరుకున్న రాయిని వారే శుభ్రం చేసి ఇస్తే అంతకంటే మంచిది లేదు.

శాసన శాఖవారు తడిపిన కాగితాన్ని రాతిపై పరచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటలలోకి దింపి, ఆపై సిరా అద్ది అచ్చు తీస్తారు. ఆ పని నేర్చినవారే చేయాలి. మనకు ఫోను కెమెరా సరిపోతుంది, అయితే వెలుతురు ఏటవాలుగా పడాలి. ఉదయం తొలి గంటలోనో సాయంకాలం చివరి గంటలోనో ఫోటో తీయండి. రాత్రి పూట ఒకరు టార్చిలైటును రాతి అంచున ఆనించి పక్కకు పట్టుకుంటే, పగలు బండలా నునుపుగా కనిపించిన రాతి మీద కూడా పంక్తులు పైకి తేలుతాయి. వెలుగును నాలుగు వైపుల నుంచీ మార్చి మార్చి నాలుగు ఫోటోలు తీయాలి. మొత్తం రాయి ఒక ఫోటోలో, తరువాత మూడు నాలుగు పంక్తుల చొప్పున దగ్గరి ఫోటోలు, ప్రతి ఫోటోలో ఒక కొలబద్ద, రాయి చుట్టూ ఉన్న పరిసరం ఒక ఫోటో ఉండాలి. రాయి ఎత్తు, వెడల్పు, మందం, ఎన్ని ముఖాల మీద రాత ఉంది, పైన సూర్యచంద్రులు, లింగం, నంది, వామనమూర్తి వంటి బొమ్మలేమైనా ఉన్నాయా అన్నవి అక్కడే నోటుబుక్కులో రాసుకోవాలి.

రాయి ఎక్కడుందో లోకమంతటికీ చాటే ముందు ఆలోచించండి. శాసనం అంటే గుప్తనిధికి గుర్తు అన్న మూఢనమ్మకం వల్ల ఎన్నో రాళ్లు పగిలిపోయాయి, ఎన్నో గుళ్ల గర్భాలయాలు తవ్వకాలకు గురయ్యాయి. ఊరివారికి శాసనంలో ఏముందో చదివి వినిపించడమే దీనికి సరైన మందు. ఇది ఫలానా దేవుడికి ఫలానా పొలం ఇచ్చిన కాగితం వంటిదే, ఇందులో నిధి మాట లేదని నలుగురి ముందు చెబితే ఆ రాయిని ఊరే కాపాడుతుంది. దారిలో పాత నాణేలు గాని విగ్రహం గాని బయటపడితే దాచుకోకూడదు. భూమిలో దొరికిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

శాసనం లోపలి అమరిక

శాసనం చదవడం కష్టమని భయపడేవారికి ధైర్యం ఇచ్చే సంగతి ఒకటి ఉంది: శాసనాలలో చాలా వాటికి ఒకే అమరిక ఉంటుంది. మొదట స్వస్తి, తరువాత శక వర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపై పాలించే రాజు బిరుదులు, అతని కింది నాయకుడు లేదా నాయంకరం (సైనిక సేవకు రాజు ఇచ్చిన సీమ) అనుభవిస్తున్నవాడు. ఆపై దాత, దానం పొందిన దేవుడు లేదా బ్రాహ్మణుడు, పొలం కొలత, హద్దులు. చివర ఆచంద్రార్కం ఈ ధర్మం నడవాలన్న మాట, దానిని చెరిపినవారు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారన్న శాపం, ‘స్వదత్తాద్ద్విగుణం పుణ్యం’ వంటి శ్లోకం. ఈ చట్రం తెలిస్తే సగం అరిగిన రాతిలో కూడా ఏ పంక్తిలో ఏముండాలో ఊహించవచ్చు. ఊహించిన అక్షరాలను మాత్రం నకలులో కుండలీకరణాలలోనే రాయాలి. చదవలేని చోట చుక్కలు పెట్టాలి.

భాష విషయంలో ముందుగానే సిద్ధపడాలి. నెల్లూరు పట్టణం నుంచి దక్షిణంగా గూడూరు, సూళ్లూరుపేట వైపు పోయేకొద్దీ చోళుల నాటి శాసనాలు అరవంలో, గ్రంథాక్షరాల (తమిళదేశంలో సంస్కృతం రాయడానికి వాడిన లిపి) కలగలుపుతో కనిపిస్తాయి. మల్లాం సుబ్రహ్మణ్యస్వామి గుడి దగ్గరి పల్లవ శాసనం అరవంలోనే ఉంది. కృష్ణపట్నాన్ని పాత శాసనాలు కొల్లిత్తురై అనీ గండగోపాలపట్టణం అనీ పిలుస్తాయి. తెలుగులో ఉన్న పాత శాసనాలలో నేడు మనం రాయని అక్షరాలు, ‘పణ్డ్రెణ్డు’ వంటి వర్ణక్రమాలు, మాటల మధ్య ఎడం లేకుండా సాగే రాత ఉంటాయి. ఎ, ఒలకు హ్రస్వ దీర్ఘాల తేడా చాలా శాసనాలలో చూపరు. విజయనగర కాలపు లిపి చదవడం కొంచెం అలవాటు మీద వస్తుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవడం మంచి పద్ధతి.

తేదీని లెక్క కట్టడం ఎవరికి వారు చేసుకోవలసిన పని. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం అయితే 79 కలపాలి. రాసిన సంవత్సరం పేరు సరిపోయిందో లేదో చూడడానికి శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషం ప్రభవ నుంచి ఎన్నో సంవత్సరమో చెబుతుంది. కొన్ని శాసనాలలో అంకెలకు బదులు మాటలుంటాయి. ‘రస నయన రవి’ అని ఉందనుకోండి; రసాలు 6, నయనాలు 2, రవులు 12. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి కాబట్టి అది శక 1226, అంటే క్రీ.శ. 1304. దానికి 12 కలిపితే 1238, 60తో భాగిస్తే శేషం 38; ముప్పై ఎనిమిదవది క్రోధి. శాసనంలో క్రోధి అని ఉంటే తేదీ కుదిరింది. మరో పేరు ఉంటే ఒక్క ఏడాది తేడా వచ్చిందేమో మొదట చూడాలి, ఎందుకంటే జరుగుతున్న సంవత్సరాన్ని లెక్కించడమా, గడచిన దానిని లెక్కించడమా అన్న భేదం శాసనాలలో ఉంది. అంతకు మించిన తేడా వస్తే అంకెను మనం తప్పుగా చదివామేమో, లేదా ఆ శాసనం తరువాత ఎప్పుడో పుట్టించిందేమో ఆలోచించాలి. గ్రహణం, వారం కూడా చెప్పిన శాసనమైతే ఎల్.డి. స్వామికన్ను పిళ్లై సిద్ధం చేసిన పంచాంగ పట్టికలతో రోజుతో సహా సరిచూడవచ్చు. అద్దంకి పద్యంలో వలె పట్టం కట్టిన మొదటి ఏడు అని మాత్రమే ఉంటే, ఆ రాజు ఎప్పుడు పట్టానికి వచ్చాడన్న చరిత్రకారుల నిర్ణయం మీద మన తేదీ ఆధారపడుతుంది. అప్పుడు ‘ప్రాంతం’ అన్న మాట తప్పక చేర్చాలి.

పొలం హద్దులు చెప్పే పంక్తులను చాలామంది దాటవేస్తారు. ఊరి తొలి రూపం తెలుసుకోదలచిన వారికి శాసనమంతటిలో గొప్ప సంపద అదే. తూర్పున ఫలానా వాగు, ఆగ్నేయాన పుట్ట, దక్షిణాన ఫలానా ఊరి పొలిమేర, నైరుతిన గుండు, పడమట చింతచెట్టు అని ఎనిమిది దిక్కులా చెబుతారు. ఆ పేర్లు పట్టుకొని రైతులతో కలిసి పొలాల వెంట నడవాలి. వాగు పేరు మారకపోవచ్చు, గుండు అక్కడే ఉండవచ్చు. హద్దులో చెప్పిన పొరుగూరు ఇప్పుడు పటంలో లేకపోతే, అది పాడుపడిన ఊరన్నమాట. దాని జాడ ఎక్కడో పాటిదిబ్బగా మిగిలి ఉంటుంది. కొలతల దగ్గర తొందరపడి ఎకరాలలోకి మార్చకండి. ధాన్యం కొలతలో పుట్టికి ఇరవై తూములన్న లెక్క స్థిరమే గాని, ఒక పుట్టి గింజలు పట్టే పొలం విస్తీర్ణం సీమ సీమకూ, కొలిచిన గడను బట్టీ మారింది. ‘పుట్టెడు నేల’ అని ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు.

కైఫియతులూ సర్కారు కాగితాలూ

కాలిన్ మెకంజీ (1754–1821) తన సహాయకులైన కావలి సోదరుల ద్వారా, మరి కొందరి ద్వారా ఊరూరా కరణాల చేత రాయించిన కైఫియతులు, అంటే ఊరి వృత్తాంతాలు, ఆ తరువాతి ఆధారం. సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించి కాపాడాడు. తెలుగు కైఫియతుల పెద్ద భాండాగారం చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం. కొన్ని జిల్లాలవి అచ్చయ్యాయి. కైఫియతులో ఊరికి ఆ పేరు ఎందుకొచ్చింది, అడవి ఎవరు కొట్టారు, గుడి ఎవరు కట్టారు, కరణీకం మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎవరికి వచ్చింది, ఏ దొరల కాలంలో ఏం జరిగింది అన్నవి ఉంటాయి. చదవడానికి ఎంతో సొంపుగా ఉంటుంది. అయితే పాత కాలానికి వెళ్లేకొద్దీ దానిని రాతితో సరిచూడకుండా నమ్మకూడదు. గుంటూరు సీమ కైఫియతులలో గజపతుల ప్రధాని గోపరాజు రామన్న శక 1067లో కరణాలకు మిరాశీలు ఇచ్చాడన్న మాట ఊరూరా వస్తుంది. శక 1067 అంటే 1145. గజపతి వంశ స్థాపకుడు కపిలేంద్రుడు 1434లో గాని సింహాసనమెక్కలేదు. మిరాశీ తమదేనని చూపించుకోవలసిన అవసరం కరణాలకు ఉండేదన్న సంగతి గుర్తుంచుకొని చదివితే, అదే కైఫియతు పద్దెనిమిదవ శతాబ్దపు ఊరి గురించి అమూల్యమైన సంగతులు చెబుతుంది.

నెల్లూరు సీమ 1801లో ఆర్కాటు నవాబు నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. ఆ తరువాతి కాగితాలలో పల్లె చరిత్రకు మూలస్తంభం ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను ప్రతి మాన్యాన్నీ విచారించి, ఎవరు ఎప్పుడు ఎవరికి ఎందుకు ఇచ్చారో, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారో నమోదు చేసింది. గుడి మాన్యం, చెరువు మాన్యం, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, వెట్టి మాన్యాలు అన్నీ అందులో ఉంటాయి. దీనితో పాటు రీసెటిల్మెంట్ రిజిస్టరు, ఫెయిర్ అడంగల్, గ్రామ పటం కలెక్టరు కార్యాలయపు రికార్డు గదిలోనో సర్వే కార్యాలయంలోనో దరఖాస్తు పెట్టి చూడవచ్చు. దర్శి, పొదిలి వైపు ఊళ్లలో చాలా భాగం వెంకటగిరి జమీందారీ కింద ఉండేవి కాబట్టి రైతువారీ (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే) గ్రామాలకున్నంత పాత సర్కారు సెటిల్మెంటు లెక్కలు అక్కడ ఆశించకూడదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే అవి ఆ పద్ధతిలోకి వచ్చాయి.

శాసనం చెప్పనివారు

శాసనం వేయించినవారు పొలం ఇచ్చినవారు. చదివించుకున్నవారు పొలం పొందినవారు. ఆ పొలం దున్నిన మాల మాదిగ పల్లెలు, గొర్రెలు మేపిన గొల్లలు, చెరువు తవ్విన వడ్డెరలు, ఒడ్డున వలలు వేసిన పట్టపువారు, యానాదులు అందులో అరుదుగా కనిపిస్తారు. వీరు లేకుండా రాసిన గ్రామ చరిత్ర అసంపూర్ణం. ఇందుకు వేరే ఆధారాలు వెదకాలి. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషను రికార్డులు అటువంటివి. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరి పని మొదలుపెట్టాడు. 1876–78 కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి పని కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అలాంటి మిషన్లు పెట్టిన చర్చీల, బడుల పాత పుస్తకాలలో పల్లెల పేర్లు, కుటుంబాల పేర్లు దొరుకుతాయి. ఎన్నో పల్లెలకు తమ తాతముత్తాతల పేర్లు కాగితంపై కనిపించే తొలి చోటు అదే కావచ్చు.

పెద్దలను అడిగేటప్పుడు ‘ఈ ఊరి చరిత్ర చెప్పండి’ అని మొదలుపెడితే అందరూ చెప్పే ఒక్క కథే వస్తుంది. చేలో నిలబడి అడగండి. ‘పెద్దయ్యా, ఈ దిబ్బనేమంటారు? ఈ బావి ఎవరి పేరున ఉంది? పోలేరమ్మ కొలుపులో మొదటి బోనం ఏ ఇంటిది? మీ ఇంటిపేరువాళ్లు మొదట ఏ ఊరి నుంచి వచ్చారంటారు?’ అన్న ప్రశ్నలకు చిన్న చిన్న గట్టి జవాబులు వస్తాయి. స్త్రీలను విడిగా అడగాలి. పేరంటాలు గుడి కథ, ఊరమ్మ కథ వారి నోటనే నిలిచి ఉంటుంది. వంశావళులు పాడే వంశరాజులు వచ్చినప్పుడు గోత్రాలు, వలసలు పాడుతూ చెబుతారు, అనుమతి తీసుకొని రికార్డు చేయండి. ఎవరు, ఏ వయసువారు, ఏ రోజు చెప్పారో మీ నోటుబుక్కులో ఉండాలి, కాని వారి పేరు బయట పెట్టే ముందు వారినే అడగాలి.

పొలాలలో పాటిదిబ్బ కనిపిస్తే నల్లని బూడిద రంగు మన్ను, పెంకులు, ఇటుక ముక్కలు చూసి గుర్తుపట్టవచ్చు. రైతులు ఆ మన్నును ఎరువుగా తోలుకుంటారు కాబట్టి అవి ఏటేటా తరిగిపోతున్నాయి. తవ్వకండి, పైన ఉన్నవాటిని ఫోటో తీసి, సర్వే నంబరు రాసుకొని, పురావస్తు శాఖకు తెలపండి. ఊరి పేరు చివరి పాలెం, కండ్రిగ, అగ్రహారం, సముద్రం వంటి మాటలు ఒక దారి చూపిస్తాయే గాని సాక్ష్యం కావు. పాలెం అని ఉన్న ఊరు తరచుగా పక్కనున్న పెద్ద ఊరి నుంచి విడివడినదై ఉంటుంది. ఆ సంగతి పొలిమేరలలోనూ ఇంటిపేర్లలోనూ కూడా కనిపిస్తేనే రాయాలి.

ఫలకం రాయడం

ఇంత సేకరించిన తరువాత ఊరి మొగదలలో నిలిపే ఫలకంలో వంద మాటలకు మించి రాయనక్కరలేదు. మొదటి వాక్యంలో తెలిసిన తొలి సాక్ష్యం రావాలి: ‘ఈ ఊరి పేరు మొదట కనిపించేది శివాలయ ప్రాంగణంలోని శక 1226 నాటి శాసనంలో’ అన్నట్టు. ‘ఊరు స్థాపించబడింది’ అన్న మాట, స్థాపించిన కాగితం చేతిలో ఉంటే తప్ప, రాయకూడదు. తరువాత దాత, దానం, ఆ నాటి నాడు పేరు, ఆపై చెరువు, ఆపై పాడుపడిన ఊళ్లు, పల్లెలు, పాలేలు ఎలా ఏర్పడ్డాయో ఒక వాక్యం. జనం చెప్పుకొనే కథ ఉంటే ‘అని ఊరివారు చెబుతారు’ అని చేర్చి అదీ రాయాలి. రాజుల బిరుదులు, కులాల గొప్పలు వద్దు; ఊరిలో సగం మంది తమది కాదనుకొనే ఫలకం ఎక్కువ కాలం నిలవదు.

అచ్చు వేయించే ముందు రాతప్రతిని ఊరి చావడిలో చదివి వినిపించి, తప్పులు చెప్పమని అడగండి. వేర్వేరు వీధులవారు ఒకే సంగతిని వేర్వేరుగా చెప్పినప్పుడు ఆధారం ఉన్నదానిని ఉంచి, లేనిదానిని కథగా చేర్చండి. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే దాని చుట్టూ 100 మీటర్ల లోపల ఏ కట్టడమూ కూడదు కాబట్టి ఫలకం ఎక్కడ పెట్టాలో ఆ శాఖను అడిగి నిర్ణయించాలి. రాష్ట్ర శాఖ రక్షణలోని కట్టడాలకూ అనుమతి కావాలి. రెండూ కాకపోతే పంచాయతీ తీర్మానం చాలు. శాసనపు రాయిని మాత్రం ఫలకం పక్కకు తరలించవద్దు. అది ఉన్న చోటే దాని హద్దులకు అర్థం. రాయి రోడ్డు విస్తరణకో చెరువు పనికో అడ్డం వచ్చి తప్పక కదపవలసి వస్తే, ముందు చోటును ఫోటోలతో, సర్వే నంబరుతో నమోదు చేసి, శాఖవారి సమక్షంలో గుడి ఆవరణలోకి చేర్చాలి.

ఫోటోలు, నకలు, హద్దుల పటం, పెద్దల మాటల రాతప్రతి కలిపి నాలుగు ప్రతులు తయారుచేయండి. ఒకటి ఊరి బడికి, ఒకటి పంచాయతీకి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వండి. నాలుగవది, శాసనం ఇంతవరకు అచ్చు కాలేదని తేలితే, మైసూరులోని భారత పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. రాయి కొలతలు, ఊరు, మండలం, పాత తాలూకా పేరు పై పేజీలోనే ఉండాలి.